కత్తి పట్టే కళ్ళు

మా షాపుకు వచ్చేవాళ్ళు నన్ను కత్తి అని పిలుస్తారు. నా నోటికి భయపడి పెట్టిన పేరని మా అక్క అంటుంది గానీ అది పచ్చి అబద్ధం. గడ్డం కత్తి పట్టుకుంటే నాకు సాటి లేదని జనం ఒప్పుకుని పెట్టిన పేరది. మిషన్‌తో జుట్టు తీయడం ఎవరైనా నేర్చుకుంటారు. కత్తి అలా కాదు. ఒక మనిషి కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, గొంతు మన చేతికి అప్పగిస్తాడు. అప్పగించి హాయిగా నిద్రపోతాడు కూడా. నా కుర్చీలో గురకపెట్టని మనిషి లేడు. అంతకన్నా పెద్ద మెప్పు నాకు తెలియదు.

అలాంటి నేను ఒక పొద్దున ఒక పెద్దాయన చెవి కింద గాటు పెట్టాను. లోతైనదేం కాదు. ఆయన లేచి కూర్చుని, అద్దంలో చూసుకుని, "పర్లేదులేవయ్యా" అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నేను గీయాల్సిన చోటే గీశాను మరి. నాకు కనిపించిన చెవి అక్కడ లేదు, అంతే. పక్కపక్కనే మూడు చెవులు కనిపిస్తుంటే నడిమిదాన్ని నమ్ముకున్నాను.

ఆ రోజే కత్తిని సొరుగులో పెట్టేశాను. షాపులో రెండో కుర్చీ మా బావది, అంటే మా అక్క భర్తది. గడ్డాలన్నీ బావకు వదిలేసి నేను మిషన్ పట్టాను. కళ్ళజోడు మార్చాను, మళ్ళీ మార్చాను. చివరికి కళ్ళజోళ్ళ షాపాయన చేతులెత్తేశాడు. ఏ అద్దం పెట్టినా వీధి దీపం చుట్టూ నాలుగు దీపాలు పూచేవి. పాత గిరాకీలు ఇంకా "ఏం కత్తీ" అనే పలకరించేవారు. ఆ పిలుపు వింటే సొరుగు వైపు చూడకుండా మిషన్ ఆన్ చేసేవాణ్ణి.

ఒక్క గడ్డానికి మాత్రం మినహాయింపు. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసే ముందు బావ షట్టరు సగం దించి, వచ్చి నా కుర్చీలో కూలబడేవాడు.

"నా గడ్డం ఇంకోడి చేతిలో పెట్టను. నువ్వే గీయాలి" అనేవాడు.

నేను చర్మాన్ని వేలితో సాగదీసి, ఆ వేలికొసే నాకు కన్ను అనుకుని గీసేవాణ్ణి. అయిపోయాక "ఎక్కడైనా తెగిందా బావా?" అని అడిగితే, "నీ చేతికి తెగడమా, చాల్లే" అంటూ లేచి, పటిక తనే తీసుకుని, అటు తిరిగి రాసుకునేవాడు. నా ఛాతీ ఉబ్బేది. చూపు పోతే పోయింది, చెయ్యి పోలేదని ధీమాగా ఉండేవాణ్ణి.

రెండేళ్ళు అలా నెట్టుకొచ్చాక అక్కకు ఓపిక నశించింది. ఒకనాడు భోజనాల దగ్గర నా చేతిలో ఫోను లాక్కుంది.

"ఒరేయ్, ఫోను చూస్తున్నావా, వాసన చూస్తున్నావా? రేపు షాపు బావ చూసుకుంటాడు. నువ్వు నాతో కంటి ఆసుపత్రికి వస్తున్నావు."

మా అక్కతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. వెళ్ళాం.

అక్కడ ఒక యంత్రంలో గడ్డం ఆనించి చూడమన్నారు. కాసేపటికి డాక్టరు ముందున్న తెరమీద నా రెండు కళ్ళూ రంగురంగుల పటాల్లా వచ్చాయి. అంచుల్లో పచ్చగా ఉంది, మధ్యకు వచ్చేసరికి ఎర్రగా మండిపోతోంది.

"ఈ ఎర్రదంతా ఏంటి డాక్టరుగారూ?" అంది అక్క.

"అదేనమ్మా గొడవ. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, కార్నియా అంటాం. అది గుండ్రంగా ఉండాలి. ఈయనకు పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొచ్చింది. అందుకే ఒకటి మూడుగా కనిపిస్తోంది. కళ్ళు నలుపుతారా మీరు?"

నేను "అబ్బే" అనేలోపే అక్క అందుకుంది. "నలపడమా? పిండి పిసికినట్టు పిసుకుతాడు. కంట్లో వెంట్రుక ముక్క పడిందంటే చాలు, ఇక మనిషిని పట్టలేం."

మా పనిలో కంట్లో వెంట్రుకలు పడకపోతే వింత. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి మణికట్టుతో రుద్దుకుంటాం. ఆ మాటే డాక్టరుతో అన్నాను. ఇకమీదట ఆ మణికట్టు కంటి దగ్గరికి వెళ్ళకూడదని గట్టిగా చెప్పాడు. జబ్బు ముదరడం ఈ వయసుకు దాదాపు ఆగిందట. కానీ వచ్చిన వంకర తనంతట పోదు. కళ్ళజోడు దాన్ని దిద్దలేదు. ముందు ఒక ప్రత్యేకమైన పెద్ద లెన్సు ప్రయత్నిద్దాం, అది కుదరకపోతే, లేదా పెట్టుకోవడం నా వల్ల కాకపోతే, కార్నియా మార్చే ఆపరేషన్‌కు పేరు రాసుకోవడమే అన్నాడు.

"ఆపరేషన్ అయితే కత్తి ఎప్పుడు పట్టొచ్చు?"

"కుట్లన్నీ తీసేసరికే ఏడాది దాటొచ్చు. ఆ తర్వాత చూపు ఎంత వస్తుందో ఇప్పుడే మాట ఇవ్వలేను."

నాకు గుండె జారిపోయింది. అయినా మాట తగ్గితే నేనెందుకవుతాను? "నా చేతికి కళ్ళతో పని లేదు సార్. కావాలంటే మా బావనడగండి" అన్నాను. డాక్టరు నవ్వలేదు. అక్క కిటికీ వైపు తిరిగింది.

లెన్సులు అమర్చే గది ఆ వరండా చివర ఉంటుంది. చిన్న గది, ఒక బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, కంటిలోకి చూసే యంత్రం. అక్కడ పనిచేసే ఆవిడకు మా బావ ఆమెను చూడకుండానే లెన్సమ్మ అని పేరు పెట్టాడు. అదే స్థిరపడింది. సన్నటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. మొదటి రోజు నాకు ఆమె ముగ్గురుగా కనిపించింది. ముగ్గురూ తొందరపడని మనుషులే.

ఆమె నా చేతికి చూపించిన లెన్సు చొక్కా గుండీ కంటే పెద్దది. "ఇంతది కంట్లో పడుతుందా?" అన్నాను.

"ఇది నల్లగుడ్డును తాకదండీ. దాని మీదుగా గొడుగులా వెళ్ళి తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. మధ్యలో సెలైన్ నీళ్ళు నిలబడతాయి. ఎగుడుదిగుడు నేల మీద నీళ్ళు నిలిస్తే పైన చదునుగా ఉంటుంది కదా, అలాగ. మీ కన్ను ఆ చదును లోంచి చూస్తుంది."

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. పని మాత్రం అంత సులువుగా అవలేదు. నమూనా లెన్సు ఒకటి పెట్టి, అది కుదురుకునేదాకా బయట కూర్చోమని, తర్వాత లోపలికి పిలిచి, పసుపురంగు మందు వేసి నీలం వెలుగులో చూసేది. "నడిమధ్య తాకుతోంది. ఇది కాదు" అని తీసేసేది. ఇంకోటి పెట్టేది. "ఇది మరీ ఎత్తుగా ఉంది." ఇంకోటి. చివరికి ఒకటి నచ్చి, నా కంటి కొలతకు చేయించి తెప్పించింది. అది పెట్టి చూసి మళ్ళీ తల అడ్డంగా ఊపింది.

"అంచు ఒత్తుతోంది. కింద రక్తనాళాలు తెల్లబడ్డాయి, చూడండి."

"నేనెలా చూస్తాను మేడమ్, ఆ కన్ను నాదే కదా. నాకేం నొప్పి లేదు. బాగానే ఉంది, ఇచ్చెయ్యండి."

"ఇప్పుడు బాగానే ఉంటుంది. సాయంత్రానికి కన్ను ఎర్రబడి నన్ను తిట్టుకుంటారు."

లెన్సు వెనక్కి పంపేసింది. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఇంటికి వచ్చి బావ దగ్గర ఆమెను నానా మాటలూ అన్నాను. కానీ మర్నాడు షాపులో ఒకాయన మెడ వెనక గీత సరిచేస్తూ, ఆయన "చాల్లే బాబూ, ఎవరు చూస్తారు" అంటే, "కూర్చోండి, నేను చూస్తాను" అని గదమాయించాను. అన్నాక వెలిగింది. నేను చేసేదే ఆమె చేస్తోంది. నాది మెడ వెనక గీత, నాసిరకంగా గీసినా వారంలో మళ్ళీ పెరుగుతుంది. ఆమె గీత కంటి మీద. ఎవరూ చూడని అంచు కోసం, నొప్పి కూడా లేదంటున్న మనిషి కోసం, ఆమె తన పనిని తనే తిప్పికొడుతోంది. ఆ రోజు నుంచి ఆమె గురించి బావ వేళాకోళమాడినా నేను ఒప్పుకోలేదు.

మళ్ళీ చేయించింది. ఈసారి కుడి కంట్లో పెట్టి, నీలం వెలుగులో చాలాసేపు చూసి, వెనక్కి జరిగి, "ఇప్పుడు చదవండి" అంది.

గోడమీది అక్షరాలు చూశాను. ఒక్కొక్కటి ఒక్కటిగా ఉంది. ఏ అక్షరానికీ తోక లేదు, నీడ లేదు, కవల లేదు. కింది వరుస దాకా చదివాను. చదవమనకపోయినా మూలన అచ్చువేసిన సంస్థ చిరునామా కూడా చదివాను. సిగ్గేం లేదు చెప్పుకోడానికి, చాలా సంతోషం వేసింది. ఆమె కూడా నవ్వింది. అప్పుడే చూశాను, ఆమె ఒక్కతే ఉంది.

తర్వాత తొట్టి పైనున్న అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. నా కుడి చెంప దగ్గర జుట్టు ఎడమదానికంటే వేలెడు కిందికి దిగి ఉంది. తోడొచ్చిన అక్క వైపు తిరిగాను.

"అక్కా, ఇదేంటి?"

"నన్నడుగుతావేం, మీ బావ చేతిపనేగా. రెండేళ్ళుగా అలాగే తిరుగుతున్నావు. నీకే నచ్చిందేమో అనుకున్నాం."

ఎడమ కంటి లెన్సు కూడా కుదిరింది. కానీ లెన్సులు ఆ రోజు నా చేతికి ఇవ్వలేదు. ఆ గదిలో ఒక కట్టుబాటుంది. పెట్టుకోవడం, తీయడం రోగి తన చేతులతో తను చేసి చూపిస్తేనే లెన్సులు గడప దాటతాయి. పడుకునే ముందు రోజూ తీయాలి, పొద్దున మళ్ళీ పెట్టుకోవాలి. ఎవరో ఒకరు వచ్చి పెట్టే పని కాదు.

పద్ధతి ఇది. చేతులు శుభ్రంగా కడిగి తుడుచుకోవాలి. చిన్న రబ్బరు కప్పు మీద లెన్సును నిలబెట్టి అంచుదాకా సెలైన్ పోయాలి. అద్దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టాలి. తల పూర్తిగా వంచి, ముఖం నేలకు చూస్తుండగా, రెప్పలు రెండు వేళ్ళతో విప్పి, నీళ్ళు ఒలక్కుండా లెన్సును పైకి తెచ్చి కంటికి ఆనించాలి. తల పూర్తిగా వంగకపోతే నీళ్ళు ఒలుకుతాయి, లోపల గాలిబుడగ చిక్కుతుంది. బుడగ చిక్కితే చూపు మసక, కంటికి మంట. తీసి మళ్ళీ మొదలు.

నాకు బుడగే. ప్రతిసారీ బుడగే. చెయ్యి వణికి కాదు. చెయ్యి రాయిలా నిలబడేది. లెన్సు రెప్ప దాకా వచ్చేది, చివరి క్షణంలో నా తల దానంతటదే లేచేది. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన అద్దం గోడకే ఉంటుంది. తల ఎత్తి ఎదురుగా చూస్తేనే పని. పైగా ముఖానికి దగ్గరగా ఏదైనా వస్తుంటే మెడ బిగబట్టాలని ఒళ్ళంతా నేర్చుకుని ఉంది. నీళ్ళు చెంప మీంచి కారి చొక్కాలోకి పోయేవి.

"ఇంకాస్త వంచండి" అనేది లెన్సమ్మ. ఒక రోజంతా అదే మాట. మళ్ళీ వెళ్ళిన రోజూ అదే మాట. వరండాలో డాక్టరు ఎదురుపడి, "వస్తోందా?" అని అడిగాడు. తడిసిన చొక్కా చూపించాను. "కష్టమైతే చెప్పండి, ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు ఆయన మంచిగానే. ఆ మంచితనానికి నాకు ఒళ్ళు మండింది. చూపు ఆ రబ్బరు కప్పు మీద నీళ్ళలో కూర్చుని ఉంది. జానెడు దూరం. నా మెడ దాన్ని రానివ్వడం లేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు అక్కకు జ్వరంగా ఉండి బావ తోడు వచ్చాడు. లోపల మళ్ళీ నీళ్ళు ఒలికాయి. "ఇంకాస్త వంచండి" అంది ఆమె. నేను నోరు పారేసుకున్నాను.

"పొద్దున లేస్తే వందమంది తలలు వంచేవాణ్ణి మేడమ్. నాకు నేర్పుతారా తల వంచడం?"

వేరేవాళ్ళయితే బయటికి పొమ్మనేవారు. ఆమె రబ్బరు కప్పు పక్కన పెట్టి, తన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నేర్పలేకపోతున్నాను, నిజమే. మీరే నాకు చెప్పండి. మీ కుర్చీలో మెడ బిగబట్టుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళనేం చేస్తారు?"

ఆ మాట వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నా కోపం సగం దిగిపోయింది.

"వంచమని చెప్పం" అన్నాను. "చెబితే ఇంకా బిగుసుకుంటారు. తల వెనక రెండు వేళ్ళు ఆనించి ఉంచుతాం, నొక్కం. నొక్కకుండా ఏదో ఒక కబురు ఎత్తుకుంటాం. మనిషి మాటల్లో పడితే మెడ వదులవుతుంది. తలే వచ్చి చేతిలో పడుతుంది."

"మరి ఇన్నాళ్ళూ నేను వంచమని చెబుతూనే ఉన్నాను" అంది ఆమె, తనను తనే తప్పుబట్టుకున్నట్టు. లేచి తలుపు తీసి, వరండాలో ఉన్న బావను పిలిచింది. "మీరు కూడా అదే పని చేస్తారట కదా. రండి, చేతులు కడుక్కుని ఈయన వెనక నిలబడండి."

చదువుకున్న మనిషి, తన గదిలో, తన పనిలో, నా మాట విని తన పద్ధతి అక్కడికక్కడే మార్చుకుంది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఆశ్చర్యమే. అంత తెలిసినవాళ్ళు అంత తేలిగ్గా అడగడం నేను ఎక్కడా చూడలేదు.

బావ చేతులు తుడుచుకుని వచ్చి నా తల వెనక రెండు వేళ్ళు ఆనించాడు. నేను లెన్సు నింపుకుని ముందుకు వంగాను. బావ షాపులో మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఆ ప్లీడరు మళ్ళీ వచ్చాడురా మొన్న. ఉన్నవి నాలుగు వెంట్రుకలు. ఒక్కోదాన్నీ ఒక్కో రకంగా కత్తిరించమంటాడు. వాటికి పేర్లు కూడా పెట్టుకున్నట్టున్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఈసారి ఎవరి వంతు సార్ అన్నాను."

నవ్వు రాబోతుంటే ఆపుకున్నాను. ఆపుకుంటూ ఉండగా మెడ ఎప్పుడు వదులైందో తెలియదు, ముఖం బల్లకు సమంగా దిగింది, నీళ్ళు చల్లగా కంటికి తగిలాయి, లెన్సు కూర్చుంది. రెప్ప వదిలాను. లెన్సమ్మ యంత్రంలోంచి చూసి, "బుడగ లేదు" అంది. ఎడమ కంటికి బావ వేళ్ళు అక్కర్లేకపోయాయి. తీసి మళ్ళీ పెట్టమంది, పెట్టాను. మళ్ళీ తీయమంది, తీశాను. కుళాయి నీళ్ళు లెన్సుకు తగలనివ్వకూడదు, నురగ చేత్తో కన్ను ముట్టకూడదు, మధ్యాహ్నానికి మసకబారితే తీసి కడిగి కొత్త సెలైన్ పోసుకోవాలి, ఎర్రబడినా నొప్పెట్టినా ఆ క్షణమే తీసేసి ఇక్కడికి పరుగెత్తుకు రావాలి అని నాచేత అప్పచెప్పించింది. అప్పుడు డబ్బీ నా చేతిలో పెట్టింది. నేను రెండు చేతులతో అందుకున్నాను.

మర్నాడు పొద్దున నా అంతట నేనే లెన్సులు పెట్టుకుని షాపుకు దిగాను. బయట బెంచీ మీద ఇద్దరు ఎదురుచూస్తున్నారు. లోపల బావ నా కుర్చీలో అప్పటికే గుడ్డ కప్పుకుని కూర్చున్నాడు.

"మొదటి గడ్డం నాది. ఆ తర్వాతే ఎవరైనా" అన్నాడు.

సొరుగు తీసి కత్తికి కొత్త బ్లేడు వేశాను. నురగ పట్టించాను. బావ తల వెనక్కి వాల్చాడు. దవడ కింద చర్మాన్ని వేలితో పైకి లాగి మొదటి గీత గీశాను. నురగ పోయిన చోట చర్మం కనిపించింది. దాని మీద సన్నని తెల్లటి గీతలున్నాయి. ఒకటి కాదు. రెండో గీత గీశాను. అక్కడా ఉన్నాయి. కొన్ని పాతబడి చర్మంలో కలిసిపోయాయి, కొన్ని ఇంకా గులాబీరంగులో ఉన్నాయి. గొంతు పక్కన ఒకటి మొన్న ఆదివారానిది, దాని మీద పొక్కు ఇంకా రాలలేదు.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఏమైందిరా?" అన్నాడు బావ కళ్ళు తెరవకుండా.

"ఇవన్నీ నేను పెట్టినవేనా?"

బావ గుడ్డను మెడ దాకా లాక్కున్నాడు. తర్వాత, "నీకు అంత బాగా చూపు వచ్చిందని తెలిస్తే గడ్డం ఇంకో వారం పెంచేవాణ్ణి" అన్నాడు.

"ఒక్కసారైనా చెప్పొచ్చు కదా బావా."

"చెబితే కత్తి మళ్ళీ ముట్టుకునేవాడివా? రెండేళ్ళు పట్టుకోకపోతే చెయ్యి మరిచిపోతుంది. చూపు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు. వచ్చేదాకా చెయ్యి ఉండాలి కదా."

"అక్కకు తెలుసా?"

"దిండు గలీబుల మీద మరకలు ఉతికిందెవరనుకున్నావు? మొదట్లో నన్ను పట్టుకుని తిట్టింది. తర్వాత్తర్వాత పటిక తనే తెచ్చి ఇచ్చేది."

నాకు ఏడుపొచ్చింది. లెన్సులు పెట్టుకుని ఏడవొచ్చో కూడదో లెన్సమ్మ చెప్పలేదు, నాకు అడగాలని తోచలేదు. కత్తి పట్టుకున్న చేతిని దూరంగా జరిపి, కన్నీళ్ళు వాటంతటవే ఆగేదాకా నిలబడ్డాను. మా బావ అంతటి మనిషి పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో రెండో కుర్చీ దగ్గర నిలబడి ఇన్నేళ్ళూ పనిచేశాడు. నేను చూడలేదు. మామూలు చూపు ఉన్న రోజుల్లో కూడా చూడలేదు.

"బయట జనం ఉన్నారు" అన్నాడు బావ.

"ఉండనీ" అన్నాను.

మళ్ళీ చర్మాన్ని పైకి లాగి, ఆ గీతలన్నింటి మీదుగా, ఒక్కొక్కదాన్నీ చూస్తూ గీయడం మొదలుపెట్టాను. నా జీవితంలో ఎవరికీ అంత నెమ్మదిగా గడ్డం గీయలేదు. సగం అయ్యేసరికి బావకు నిద్రపట్టింది.